మోతి లండన్ ప్రయాణం - వయా కొండగట్టు

కొండగట్టుకు యెవరు యెందుకు పోతారో మా జగిత్యాల వైపు వారికి వేరే చెప్పనక్కరలేదు. పిల్లలకు పుట్టువెంట్రుకలు తీయించడానికి పోతారు. కొత్త బండి కొంటే పూజ చేయించడానికి పోతారు. మనసు చెదిరినవాళ్ళను నలభై రోజులు స్వామి సన్నిధిలో వుంచితే నయమవుతుందని నమ్మి తీసుకుపోతారు. దుబాయి వీసా వచ్చినవాడు పెట్టె సర్దుకునే ముందు అంజన్నకు వొక కొబ్బరికాయ కొట్టి వస్తాడు. మేము మాత్రం కిందటి కార్తీకంలో మా కుక్కకు విమాన ప్రయాణం అలవాటు చేయడానికి పోయాము.

నవ్వకండి. మొదట నేనూ నవ్వాను. పెట్టెలో పెట్టి పంపిస్తే అదే పోతుంది గదా, దానికి అలవాటేమిటి అనుకున్నాను. నాలుగు నెలలు ఆ పెట్టెతో కాపరం చేశాక తెలిసింది. టిక్కెట్టు సంగతి ఆఖరు రోజుది. అంతకుముందు రోజులన్నీ ఆ పెట్టెకు కుక్క మనసును వొప్పించడంతోనే సరిపోతాయి.

మోతి మేలుజాతి కుక్క కాదు. అచ్చంగా మన వీధి నాటుకుక్క. తేనెరంగు వొళ్ళు, నిక్కపొడుచుకున్న చెవులు, నక్కమూతి. అయిదేళ్ళ కిందట వొక వాన రాత్రి మా అరుగు కింద దూరి, తెల్లవారేసరికి యింటిది అయిపోయింది. మా ఆవిడ పోయిన సంవత్సరం అది. ఆ రెండింటికీ సంబంధమేమీ లేదు గాని, నా లెక్కలో మాత్రం వున్నది.

అల్లుడికి లండనులో వుద్యోగమై ముందే వెళ్ళిపోయాడు. మా అమ్మాయీ, తొమ్మిదేళ్ళ మనవడూ రెండేళ్ళు నా దగ్గరే వున్నారు. ఆషాఢంలో వాళ్ళ ప్రయాణం స్థిరపడింది. మోతి నా దగ్గర వుంటుందని నేను అనుకున్నాను. ముసలివాడికి తోడు కావద్దూ! ఆ మాట పైకి అన్నాను కూడా. మా అమ్మాయి మాట్లాడలేదు. మనవడు మాత్రం, "తాతా, నీకు మోకాళ్ళ నొప్పులు. రోజూ దాన్ని యెవరు పరుగెత్తిస్తారు?" అన్నాడు. నలభై యేళ్ళు బళ్ళో పిల్లలను ప్రశ్నలడిగినవాణ్ణి. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోయింది. మోతి పోవడానికే నిశ్చయమైంది. పోయే యేర్పాట్లు చూడవలసింది యింట్లో పనీపాటా లేనివాడే గదా, అంటే నేనే!

బ్రిటన్ వారు ఈ విషయంలో బహు కచ్చితమైనవాళ్ళు. వాళ్ళ దేశపు కుక్కలలో రేబిస్ లేదు, బయటినుంచి రానివ్వరు. అందుచేత మన కుక్క అక్కడ అడుగుపెట్టాలంటే వొక వరస వున్నది. ముందుగా భుజాల నడుమ చర్మం కింద బియ్యపుగింజంత చిప్పు వేయించాలి. యంత్రం పెట్టి చూస్తే అందులోని పదిహేనంకెల నంబరు కనబడుతుంది. ఆ తరువాతే రేబిస్ టీకా. మోతికి యేటా టీకా వేయిస్తూనే వున్నాము, చీటీలు కూడా దాచివున్నాము. లాభం లేకపోయింది. చిప్పు లేని రోజుల్లో వేసిన టీకా ఈ కుక్కకే వేశారని రుజువేమిటి? మళ్ళీ వేయించవలసిందే. టీకా వేసిన 30 రోజులకు రక్తం తీసి వాళ్ళు వొప్పుకున్న లేబరేటరీకి పంపాలి. రేబిస్‌ను యెదిరించే శక్తి ఆ రక్తంలో మిల్లీలీటరుకు 0.5 అంతర్జాతీయ యూనిట్లకు తగ్గకూడదు. రక్తం తీసిన నాటినుంచి మూడు నెలలు ఆగాలి. ఆఖరున బద్దెపురుగుల మందు. అది అక్కడ దిగడానికి 120 గంటలకన్న ముందు వేసినా చెల్లదు, 24 గంటల లోపల వేసినా చెల్లదు. మన ముహూర్తాలే నయం!

మాకు దగ్గరలో కోరుట్లలో పశువైద్య కళాశాల వుండడంవల్ల ఆ వూళ్ళో కుక్కల సంగతి తెలిసినవాళ్ళకు లోటు లేదు. చిప్పూ, టీకా, రక్తం తీయడమూ అక్కడి వొక డాక్టరుగారి చేతి మీదుగానే జరిగాయి. ఆయన వోర్పుగా అన్నీ చెప్పారు. మూతి నొక్కుకుపోయిన పగ్గు, బుల్‌డాగ్ జాతులకు విమానంలో వూపిరి యిబ్బంది. చాలా కంపెనీలు వాటిని యెక్కించుకోవట. "మీది నాటుకుక్క, యింత పొడుగు మూతి! దీనికేం భయం లేదు" అన్నారు. వేలకు వేలు పోసి కొన్న కుక్కలకు లేని యోగ్యత మా వీధికుక్కకు వున్నందుకు మనవడు దారిపొడుగునా మురిశాడు.

ఇక్కడ వొక్క మాట దాచకుండా చెప్పాలి. రక్తం పరీక్షకు పోయిన రోజునుంచి ఫలితం వచ్చేదాకా, ఆ సంఖ్య 0.5కు తక్కువ వస్తే బాగుండునని నాకు రోజూ వొకసారి అనిపించేది. చాలా యెక్కువే వచ్చింది. పిల్లవాడు యెగిరి గంతేశాడు. నేను లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చాను.

ఇక పెట్టె కథ. దాని కొలతలకు అంతర్జాతీయ విమాన కంపెనీల సంఘం పెట్టిన సూత్రం వున్నది. కుక్కను నిలబెట్టి ముక్కు కొస నుంచి తోక మొదలు దాకా కొలవాలి. నేల నుంచి ముంగాలి మోచేతి దాకా వున్న యెత్తులో సగం దానికి కలిపితే పెట్టె పొడుగు. భుజాల వెడల్పుకు రెట్టింపు పెట్టె వెడల్పు. చెవుల కొసల దాకా వున్న యెత్తుకు పరుపు మందం కలిపితే పెట్టె యెత్తు. మోతి పొడుగు 30 అంగుళాలు, మోచేయి 12. అంటే పెట్టె 36 అంగుళాలకు తగ్గరాదు. లోపల అది నిలబడాలి, గుండ్రంగా తిరగాలి, కాళ్ళు చాపి పడుకోవాలి. నాలుగు పక్కలా గాలి రంధ్రాలుండాలి. నీళ్ళ గిన్నె తలుపుకు బిగించి, బయటినుంచే నీళ్ళు పోసే వీలుండాలి. పైభాగం, కిందిభాగం లోహపు బోల్టులతో బిగించాలి. తలుపు గట్టిగా పడాలి గాని తాళం వేయరాదు. అవసరమైతే అక్కడివాళ్ళు తీయగలగాలి గదా.

పెట్టె వచ్చిన రోజున మోతి దాని చుట్టూ వొకసారి తిరిగి, వాసన చూసి, పెరట్లోకి పోయి పడుకున్నది. డాక్టరుగారు చెప్పిన ప్రకారం తలుపు వూడదీసి పెట్టెను వసారాలో పెట్టాము. మొదటి వారం అన్నం గిన్నె పెట్టె యెదుట. రెండో వారం గడపలో. తరువాత లోపల ఆ కొసన. నెల తిరిగేసరికి మధ్యాహ్నపు కునుకు అందులోనే తీయడం మొదలుపెట్టింది. అప్పుడు తలుపు బిగించి, నిమిషం మూసి తీశాము. పిదప అయిదు నిమిషాలు. పిదప గంట. అరిచినప్పుడు మాత్రం తీయలేదు. అరుపు మానిన మరుక్షణం తీశాము. లేకుంటే అరిస్తే తలుపు తెరుచుకుంటుందని నేర్చుకుంటుంది. బళ్ళో పిల్లల దగ్గర నేను చేసిన పొరపాటు కుక్క దగ్గర చేయలేదు. ఆశ్వయుజం నాటికి రాత్రిళ్ళు కూడా తానే పోయి పడుకునేది. లోపల పరిచింది నా పాత తువ్వాలు.

ఇరుగుపొరుగుల సలహాలకు కరవేమున్నది? "కొంచెం మత్తుమందు పోయండి, నిద్రలోనే పోయి దిగుతుంది" అన్నవారే అందరూ. డాక్టరుగారు గట్టిగా వద్దన్నారు. మత్తులో వున్న జంతువుకు పైన యెత్తులో వూపిరీ, గుండే పట్టు తప్పవచ్చు. విమానం వంగినప్పుడు కాళ్ళు నిలదొక్కుకోలేదు. కడుపునిండా పెట్టి పంపడమూ తప్పే. కొన్ని గంటల ముందు తేలికగా పెట్టి, నీళ్ళు మాత్రం చివరిదాకా యివ్వాలి.

మరొక అపోహ నాకే వుండేది. కింద సామాను గదిలో గాలి వుండదనీ, చలికి గడ్డకట్టిపోతుందనీ. అది నిజం కాదు. జంతువులను వుంచే గదిలో మనం కూర్చునే చోట వున్నంత గాలి వొత్తిడే వుంటుంది, వెచ్చదనమూ వుంటుంది. ఫలానా గదిలో ప్రాణి వున్నదని పైలటుకు రాతమూలకంగా ముందే తెలియజేస్తారు. ఆవిరయ్యే కొద్దీ పక్కవారి వూపిరి తీసే పొడిమంచు వంటి సరుకును దానికి దూరంగా పెడతారు. పైన యెగిరేటప్పటికన్న నేలమీద ఆగినప్పుడే, యెండలో, వేడిలో ప్రమాదం యెక్కువట. అందుకనే మేము డిసెంబరు నెలనూ, రాత్రి విమానాన్నీ యెంచుకున్నాము. 1957 నవంబరు 3న రష్యావారు లైకా అనే వీధికుక్కను ఆకాశానికి పంపిన పాఠం నేను యెన్నో యేళ్ళు చెప్పాను. అది కొన్ని రోజులు బతికిందని చెప్పేవాణ్ణి. కొన్ని గంటలలోనే వేడికి తట్టుకోలేక పోయిందని 2002లో బయటపడింది. దానికి తిరుగు ప్రయాణం యేర్పాటే లేదు. ఆ రాత్రి మోతి పక్కన కూర్చుని ఆ సంగతే తలుచుకున్నాను.

మిగిలినవి రెండు: మోత, కుదుపు. మోతకు సిరిసిల్లను మించిన చోటు యేమున్నది? అక్కడ మా చెల్లెలి యింటి గోడ పక్కనే సాంచల షెడ్డు. సాంచలంటే మరమగ్గాలు. కార్తీకంలో వొక రోజు పెట్టెతో సహా మోతిని కారులో పెట్టుకుని అక్కడికి పోయి, రాత్రి వున్నాము. మొదటి గంట మోతి చెవులు వెనక్కి వేసుకుని వణికింది. రెండో గంటకు తువ్వాలులో మూతి పెట్టుకుని పడుకున్నది. నాకే రాత్రంతా నిద్ర లేదు. తెల్లవారి ఆ మాట అంటే మా చెల్లెలు, "గదేందన్నా, సాంచలు ఆగితేనే మాకు నిద్ర పట్టది!" అన్నది.

మర్నాడు వేములవాడ మీదుగా కొండగట్టు దారి పట్టాము. వేములవాడలో రాజన్నకు కోడె మొక్కులు జరుగుతున్నాయి. భక్తులు కోడెలను పట్టుకుని గుడి చుట్టూ తిప్పుతున్నారు. దేవుడి దగ్గరికి పశువును తీసుకుపోవడం మా వైపు వింత కాదని పిల్లవాడికి చూపించాను.

కొండగట్టు కరీంనగర్ నుంచి జగిత్యాల పోయే దారిలో వున్నది. కరీంనగరుకు సుమారు 35 కిలోమీటర్లు, జగిత్యాలకు 15. పచ్చని గుట్టలు, నడుమ మలుపులు తిరిగే ఘాటు రోడ్డు. 2018 సెప్టెంబరులో బస్సు లోయలో పడి యెందరో ప్రాణాలు పోయిన ఘాటు అది. ఇప్పటికీ ఆ మలుపులలో మా ప్రాంతం వాళ్ళకు మాట ఆగిపోతుంది. మా కారు మెల్లిగా యెక్కింది. ప్రతి మలుపుకూ పెట్టె వొరిగినప్పుడల్లా మోతి లేచి నిలబడి, కాళ్ళు యెడంగా వేసి, మళ్ళీ పడుకున్నది. మత్తుమందు వద్దని డాక్టరుగారు యెందుకన్నారో అప్పుడు కళ్ళారా చూశాము.

కొండ మీద కుక్కను గుడిలోకి తీసుకుపోలేము గదా. పెట్టెను వొక చెట్టునీడను దింపి, మోతిని గొలుసుతో పక్కన కట్టి, నేను కాపలా వున్నాను. అమ్మాయీ మనవడూ దర్శనానికి పోయారు. పక్కన కొబ్బరికాయలమ్మే ఆవిడ కాసేపు చూసి వుండబట్టలేక, "ఏంది సారూ, కుక్కను గూడ తోల్కొచ్చిన్రు? దీనికి గూడ మొక్కున్నదా?" అన్నది.

"లండన్ పోతున్నదమ్మా."

ఆవిడ బుగ్గన వేలు పెట్టుకున్నది. "మా పిలగాడు దుబాయి పోవుడుకే యాడాది తిరిగిండు. దీనికి గింత జల్దిన దొరికిందా!" తరువాత పెట్టె మీద మనవడు రంగు పెన్నుతో రాసిన 'మోతి' అక్షరాలు చూసి నెమ్మదిగా అన్నది: "మా పిలగాడు పోయిన్నాడు పెట్టెకు తాడు కట్టి పేరు గింత పెద్దగ రాయించిన. పెట్టె తప్పిపోతె పిలగాడే తప్పిపోయినట్టు గుబులైతది గద."

అంతలో వచ్చాయి కోతులు. ఈ కొండ మీద వాటిదే రాజ్యం. పదిహేనో యిరవయ్యో, పిల్లలతో సహా చెట్టు దిగి మా చుట్టూ చేరాయి. వొక గండుకోతి పళ్ళు చూపించింది. మోతి వొకసారి మొరిగింది. అయిదేళ్ళుగా భయమేస్తే అది వచ్చేది నా కాళ్ళ మధ్యకు. పిడుగు పడినా, దీపావళి టపాకాయలు పేలినా అక్కడికే. నేను చేయి చాపాను. అది నా వైపు చూడలేదు. గిరుక్కున తిరిగి పెట్టెలోకి దూరి, తువ్వాలు మీద కూర్చుని, అక్కడినుంచి నిబ్బరంగా కోతులను చూడసాగింది.

దర్శనం చేసుకుని వస్తున్న పిల్లవాడు దూరం నుంచే చూసి, "తాతా! పాసైంది!" అని అరిచాడు. పాసైంది, నిజమే. నాలుగు నెలలు నేర్పింది నేనే. నా చేయి యింకా చాపే వున్నది.

తరువాత నేను దర్శనానికి పోయాను. ఇక్కడి అంజన్నకు రెండు ముఖాలు. ఆంజనేయముఖంతోపాటు నరసింహముఖం కూడా వున్నది. గుడి కథ మా పిల్లలందరికీ తెలిసిందే. సింగం సంజీవుడనే పశువులకాపరి, తప్పిపోయిన పశువును వెతుకుతూ ఈ గుట్టల్లో తిరిగి తిరిగి అలసి నిద్రపోతే, స్వామి కలలో కనిపించి, తాను కోరంద పొదలో వున్నానని చెప్పి, పశువు వున్న చోటు కూడా చెప్పాడట. ఇంకొక కథ కూడా వున్నది: లక్ష్మణుడి కోసం హనుమంతుడు సంజీవి పర్వతాన్ని మోసుకుపోతుంటే అందులో వొక ముక్క జారిపడి ఈ కొండ అయిందట. మందు కోసం కొండనే ఆకాశమార్గాన తరలించిన సరుకు రవాణా అది. చిన్నప్పటినుంచీ విన్న కథలే. ఆ రోజు మాత్రం కాపరి కథ దగ్గర నా మనసు నిలిచిపోయింది. ఆ కాపరి దేవుణ్ణి వెతుకుతూ రాలేదు. తన పశువును వెతుకుతూ వచ్చాడు. స్వామి దాన్ని తప్పుపట్టలేదు. నేను కూడా మోక్షమడగలేదు. పెట్టె చేరాలని మొక్కుకున్నాను.

బయట మా కారుకు పూజ జరుగుతున్నది. మనవడు పంతులుగారితో, "ఇది కూడా వాహనమే గదండీ, దీనికీ చేయండి" అని పెట్టెను చూపించాడు. ఆయన నవ్వి, పెట్టె తలుపు మీద కుంకుమ బొట్టు పెట్టి, వొక పువ్వు వుంచారు. నిమ్మకాయలు మాత్రం పెట్టడానికి చోటు లేకపోయింది. విమానంలో పోయే పెట్టెకు చక్రాలు వుండకూడదు మరి!

డిసెంబరు మొదటి వారంలో శంషాబాదు పోయాము. హైదరాబాదులోని కేంద్ర ప్రభుత్వపు జంతు క్వారంటైన్ విభాగం యిచ్చిన ధ్రువపత్రం, లేబరేటరీ కాగితం, టీకా పుస్తకం అన్నీ వొక సంచిలో పెట్టి నా మెడకు తగిలించుకున్నాను. బ్రిటనుకు విమానంలో వచ్చే పెంపుడు కుక్కలు సరుకుగానే దిగాలి. అందుచేత మనుషులు పోయే ద్వారం వేరు, మోతి పోయే ద్వారం వేరు. సరుకుల షెడ్డులో తూచారు, చిప్పు నంబరు చదివారు, పెట్టె ఖాళీ చేయించి తనిఖీ చేశారు. అక్కడి కుర్రవాడు తలుపు తెరిచి పట్టుకుని, "యెత్తి పెట్టాలా సార్?" అన్నాడు. అక్కరలేకపోయింది. మోతి తానే నడిచి లోపలికి పోయి, రెండు చుట్లు తిరిగి, తువ్వాలు మీద పడుకున్నది. వెనక్కి చూడలేదు. చూసివుంటే ఆ రాత్రి యేమయ్యేదో చెప్పలేను.

పది గంటల పైన గాలిలో, మరికొన్ని గంటలు లండను విమానాశ్రయంలోని జంతువుల కేంద్రంలో గడిపి, మోతి యింటికి చేరింది. ఫోనులో అమ్మాయి, "బాపూ, కొత్త పరుపు కొన్నాం గాని అది యెక్కుతలేదు. పెట్టెలోనే పడుకుంటున్నది. తలుపు తీసే వుంచినం. తువ్వాలు వుతుకుతానంటే గుర్రుమంటున్నది" అన్నది. వుతకవద్దని చెప్పాను.

ఆ మంగళవారం మొక్కు చెల్లించడానికి వొక్కణ్ణే బస్సులో కొండగట్టు పోయాను. కొబ్బరికాయలావిడ గుర్తుపట్టింది.

"మీ కుక్క ముట్టిందా సారూ?"

"ముట్టిందమ్మా."

"మంచిగున్నదా?"

"మంచిగనే వున్నదట."

"మిమ్ముల యాది చేస్తున్నదా?"

నేను డబ్బులు తీస్తూ వూరుకున్నాను. ఆవిడ కాయను చెవి దగ్గర ఆడించి చూసి, నీళ్ళున్నదాన్ని యేరి నా చేతిలో పెట్టి, చిల్లర లెక్కపెట్టి యిచ్చింది.

"చేస్తది తియ్యిండ్రి" అన్నది.